వేలంలో పాత పుస్తకాలు, చారిత్రక లేఖలు కొనేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పుస్తకాలను, పెద్దల చేతిరాత లేఖలను వేలంలో కొనాలనుకునేవారు పదేపదే అడిగే సందేహాలకు ఇన్నాళ్లుగా విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రశ్నలు చాలావరకు అడిగినవారి మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నెల జీతం మీద బతికేవాడిని. ఇవన్నీ కోటీశ్వరుల వ్యవహారాలు కావా?

పత్రికలకెక్కే వేలాలు మాత్రమే అలాంటివి. 1994లో లియొనార్డో డావిన్సీ నోటుపుస్తకాన్ని బిల్ గేట్స్ 3.08 కోట్ల డాలర్లకు కొన్నారు. 1640లో అమెరికాలో అచ్చయిన ఒక కీర్తనల పుస్తకం 2013లో సుమారు 1.42 కోట్ల డాలర్లు పలికింది. అయితే అవే వేలం సంస్థలు, వాటికంటే చిన్నవి, ఏడాది పొడవునా సాధారణ పుస్తకాల వేలాలు కూడా నడుపుతుంటాయి. వాటిలో పది ఇరవై పుస్తకాలను ఒకే లాటుగా, అంటే ఒకే పాటకు పోయే సరుకుగా, కట్టి పెడతారు. ఓపికగా వెతికేవారికి ఉపయోగపడేవి ఆ కట్టలే. వేలానికి వెళ్లే ముందు ఒక ఏడాదిపాటు హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాలను చేత్తో తిరగేసిన మనిషికి కాగితం, అచ్చు, బైండింగుల విషయంలో కలిగే చూపు ఏ కేటలాగు చదివినా కలగదు. ఆ శిక్షణకు అయ్యే ఖర్చు కూడా తక్కువే.

ఏ విషయం మీద సేకరించాలో తేల్చుకోలేకపోతున్నాను. దొరికినదల్లా కొనవచ్చా?

కొనవచ్చు గాని, రెండేళ్లలో ఇల్లు నిండుతుంది తప్ప సేకరణ తయారు కాదు. ఒక గిరి గీసుకోవడం మంచిది. ఒక ముద్రణాలయం, ఒక ఊరు, ఒక ఉద్యమం, ఒక ప్రక్రియ, ఏదైనా కావచ్చు. తెలుగు అచ్చు చరిత్రనే తీసుకుంటే, బెంజమిన్ షుల్జ్ 1746–47లో జర్మనీలోని హాలే నగరంలో అచ్చు వేయించిన చిన్న మత గ్రంథాలతో మొదలై, 1816లో మద్రాసులో వెలువడిన క్యాంప్‌బెల్ వ్యాకరణం, 1850ల నాటి బ్రౌన్ నిఘంటువులు, ఆపైన వావిళ్లవారి ప్రచురణల దాకా ఎంతో వరస ఉంది. వీటిలో మొదటివి సామాన్యులకు అందవు. చివరివి ఇప్పటికీ అందుతాయి. గిరి ఎంత చిన్నదైతే అందులో మీ పరిజ్ఞానం అంత త్వరగా అమ్మేవారి పరిజ్ఞానాన్ని మించుతుంది. తక్కువ ధరకు మంచి ప్రతి దొరికే సందర్భాలన్నీ ఆ తేడాలోనే ఉంటాయి.

మా దగ్గర 150 ఏళ్లనాటి పుస్తకం ఉంది. అంత పాతదంటే విలువైనదే కదా?

పాతదైనంత మాత్రాన విలువ రాదు. పంతొమ్మిదో శతాబ్దపు బైబిళ్లు, ప్రసంగ సంపుటాలు, పాఠ్యపుస్తకాలు లక్షల్లో అచ్చయ్యాయి కనుక వయసు ఎంత ఉన్నా వాటికి పెద్ద ధర ఉండదు. ఎన్ని ప్రతులు మిగిలాయి, వాటిని కోరుకునేవారు ఎందరు, ఈ ప్రతి ఏ స్థితిలో ఉంది అన్న మూడింటి మీద ధర ఆధారపడుతుంది. కొన్నిసార్లు ముద్రణే అసలు సంగతి అవుతుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో ఒక రూపంలో, 1909లో బాగా మార్చి పెంచిన మరో రూపంలో వెలువడింది. మనం చదువుకునేది రెండోది. కాబట్టి ఆ పుస్తకం విషయంలో మొదటి ముద్రణ అంటే మరో ప్రతి కాదు, దాదాపు మరో నాటకం. ఎన్నోసారి అచ్చు వేసినా అక్షరం మారని పుస్తకానికి మొదటి ముద్రణ పట్ల అంత మోజు అవసరం లేదని నా అభిప్రాయం. మార్కెట్టు మాత్రం అన్నిసార్లూ ఈ అభిప్రాయంతో ఏకీభవించదు.

బంగారం, భూమి లాగా ఇదీ పెట్టుబడిగా పనికొస్తుందా?

ఆ ఉద్దేశంతోనే దిగేవారు ఫ్రాన్సులో అరిస్టోఫిల్ అనే సంస్థకు ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఆ సంస్థ చారిత్రక లేఖలను, రాతప్రతులను వాటాలుగా విడగొట్టి, ఏటేటా విలువ పెరుగుతుందన్న ఆశ చూపి, సుమారు 18,000 మందికి అమ్మింది. సేకరించిన మొత్తం 85 కోట్ల యూరోలకు అటూ ఇటుగా ఉంటుంది. 2015లో సంస్థ మూతపడింది. లక్షకు పైగా పత్రాలను 2017 చివరి నుంచి విడతలవారీగా వేలం వేయవలసి వచ్చినప్పుడు, చాలా లాటులకు మదుపుదారులు పెట్టిన ధరలో కొద్ది భాగమే తిరిగి వచ్చింది. లేఖలు అసలువే, ధరలే కల్పితం. లేఖకు వడ్డీ రాదు, అద్దె రాదు, అవసరమైన రోజున కొనేవాడు సిద్ధంగా ఉండడు. పోయినా ఇంటి బడ్జెట్టు తలకిందులు కాని డబ్బుతోనే కొనాలి.

## కేటలాగు చదివేటప్పుడు

అంచనా ధర, రిజర్వు ధర, హ్యామర్ ధర అంటే ఏమిటి?

అంచనా ధర అంటే లాటు ఎంతకు పోవచ్చో వేలం సంస్థ ముందుగా అచ్చు వేసే రెండు అంకెల మధ్య పరిధి. అది విలువ కట్టిన పత్రం కాదు. కొనుగోలుదారులను ఆకర్షించడానికి దాన్ని తక్కువగా వేయడం పరిపాటి. రిజర్వు ధర అంటే అంతకంటే తక్కువకు అమ్మవద్దని అమ్మేవారు రహస్యంగా పెట్టుకున్న హద్దు. సాధారణంగా అది అంచనాలోని చిన్న అంకెను మించదు. వేలందారు సుత్తి కొట్టినప్పటి ఆఖరి పాటే హ్యామర్ ధర. మీరు చెల్లించేది అంతకంటే ఎక్కువ.

లేఖల వర్ణనలో ఏ.ఎల్.ఎస్., టి.ఎల్.ఎస్. అని ఉంటాయి. వాటి తేడా అంత ముఖ్యమా?

ధరలో అతి పెద్ద తేడా తెచ్చేవి ఆ అక్షరాలే. లేఖ మొత్తం ఆ వ్యక్తి దస్తూరిలోనే ఉండి, కింద సంతకం కూడా ఉంటే ఏ.ఎల్.ఎస్. అంటారు. టైపు చేయించి సంతకం మాత్రం చేసినది టి.ఎల్.ఎస్.; కార్యదర్శి చేత్తో రాయగా ఆ వ్యక్తి సంతకం పెట్టినది ఎల్.ఎస్.; లేఖ కాక దస్తావేజు, చెక్కు వంటిదైతే డి.ఎస్. ఒకే వ్యక్తికి చెందినా ఇవి వేరువేరు అంతస్తుల సరుకు. వర్ణనలో “ఆపాదితం”, “శైలిలో” అన్న మాటలు ఎదురైతే, అది ఆయన రాసినదేనని వేలం సంస్థ పూచీ పడడం లేదని అర్థం చేసుకోవాలి.

ఒకే మనిషి రాసిన రెండు ఉత్తరాల ధరల్లో అంత తేడా ఎందుకు?

ఉత్తరంలో ఏముంది, ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు అన్నవే కారణాలు. “మీ పుస్తకం అందింది, కృతజ్ఞతలు” అన్న రెండు వాక్యాలకు సంతకం విలువ మాత్రమే ఉంటుంది. ఐన్‌స్టీన్ 1954లో దేవుడి మీద, మతం మీద తన అభిప్రాయాలను దాపరికం లేకుండా ఒక తత్త్వవేత్తకు రాసిన ఉత్తరం 2008లో లండన్‌లో 1,70,000 పౌండ్లకు పోయింది. అదే ఉత్తరం 2018లో న్యూయార్కులో ప్రీమియంతో (కొనేవారు పాట ధర మీద వేలం సంస్థకు అదనంగా కట్టే రుసుముతో) కలిపి 28.9 లక్షల డాలర్లకు చేరింది. ఆయనవే మామూలు జవాబు లేఖలు అందులో ఎన్నో వంతుకో దొరుకుతాయి. వరుసగా నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలకు విడి ఉత్తరాలకంటే బలం ఎక్కువ. రవీంద్రనాథ్ టాగూరు 1927–36 మధ్య సామాజిక శాస్త్రవేత్త ధూర్జటి ప్రసాద్ ముఖర్జీకి రాసిన 35 ఉత్తరాలు, కొన్ని కవర్లతో సహా, 2025లో మన దేశంలోనే జరిగిన వేలంలో ఒకే లాటుగా 5.9 కోట్ల రూపాయలు పలకడానికి ఆ అఖండత ఒక ముఖ్య కారణం. అందుకే, ఇంట్లో దొరికిన ఉత్తరాల కట్టను విడగొట్టి అమ్మవద్దని అడిగినవారందరికీ చెబుతుంటాను.

పుస్తకం స్థితి గురించి కేటలాగులో రాసిన దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

రాసిన లోపాలను పూర్తిగా నమ్మవచ్చు. రాయని లోపాలు లేవని మాత్రం అనుకోకూడదు. కొన్ని లాటుల కింద “ఉన్న లోపాలన్నిటితో సహా” అన్న షరతు ఉంటుంది. అంటే పుటలు లేకపోయినా తిరిగి పంపడానికి వీలుండదు. వేలానికి వారం ముందే స్థితి నివేదికను, అదనపు ఫోటోలను అడగండి; అడిగినవారికి పంపడం ఆనవాయితీయే. ముఖపత్రం ఉందా, బొమ్మలు, మడత పటాలు అన్నీ ఉన్నాయా, చివరి ఫారం (కలిపి కుట్టిన ఆఖరి పుటల కట్ట) పూర్తిగా ఉందా, బైండింగు అసలుదా తరువాత కట్టించినదా అని విడివిడిగా రాసి అడగాలి. తెలుగు పుస్తకాలైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చాలావాటి స్కాన్లు ఉన్నాయి కనుక పుటల సంఖ్యను మీరే సరిపోల్చుకోవచ్చు. 1912 దాకా లండన్ చేరిన తెలుగు పుస్తకాలకు బార్నెట్ తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం జాబితా ఇప్పటికీ పనికొస్తుంది. తుప్పు రంగు చుక్కలు చూపును పాడుచేస్తాయే గాని పుస్తకాన్ని చంపవు; పురుగు తిన్న అక్షరాలు తిరిగి రావు.

పాత తెలుగు పుస్తకం మీద ఏ సంవత్సరమో లేదు. వయసు ఎలా తేల్చాలి?

క్రీస్తు శకం లేకపోయినా చాలాసార్లు తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. చిక్కేమిటంటే ఆ పేర్లు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. “ఆనంద నామ సంవత్సరం” అని ఉంటే అది 1854–55 కావచ్చు, 1914–15 కావచ్చు, 1974–75 కూడా కావచ్చు. అప్పుడు ఇతర ఆనవాళ్లు చూడాలి. “1867 నాటి 25వ చట్టం ప్రకారం రిజిస్టరు చేయబడినది” అన్న మాట ఉంటే అది ఆ ఏడాదికి తరువాతిదే. వెల అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్ 1కి ముందుది, నయా పైసల్లో ఉంటే తరువాతిది. నిజాం రాజ్యపు పత్రాల మీద ఉండే ఫసలీ సంవత్సరానికి 590 కలపాలి. అక్కడ ఏడాది అక్టోబరులో మొదలయ్యేది కనుక ఫసలీ 1350 అంటే 1940 అక్టోబరు నుంచి నడిచిన ఏడాది. కేటలాగు రాసేవారికి తెలుగు రాకపోతే ఈ తేదీలను ఒక ఆవృత్తం అటో ఇటో వేసే అవకాశం ఉంది. ఆ పొరపాటు మీకు లాభమూ కావచ్చు, నష్టమూ కావచ్చు.

## అసలుదా, నకిలీదా

ఉత్తరం అసలుదో కాదో ఇంట్లో కూర్చుని తెలుసుకునే మార్గం ఉందా?

అసలుదని రుజువు చేయలేరు గాని, కాదని తేల్చే మార్గాలు కొన్ని ఉన్నాయి. అతినీలలోహిత టార్చి కింద కాగితం నీలంగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉందన్నమాట. అలాంటి కాగితం 1950ల ముందు ఉండదు. 1983లో జర్మనీ పత్రిక సంచలనంగా ప్రకటించిన హిట్లర్ డైరీలను పట్టించినది ఇదే. బాల్‌పెన్ను మార్కెట్లోకి వచ్చింది 1940ల మధ్యలో. పిన్ కోడ్ మొదలైనది 1972 ఆగస్టు 15న. కాబట్టి 1940ల నాటిదని చెప్పే కవరు మీద ఆరంకెల కోడు ఉంటే ఇంక చూడనక్కరలేదు. పోస్టు ముద్రలోని తేదీ, ఊరు ఆ రోజున ఆ వ్యక్తి ఉన్న చోటుతో సరిపోతున్నాయా అన్నది చాలామంది మరిచిపోయే పరీక్ష. భూతద్దం కింద అక్షరాల్లో వణుకు, మధ్యలో కలం ఎత్తి మళ్లీ దించిన గుర్తులు కనిపిస్తే, రాసినవాడు రాయడం లేదు, చూసి గీస్తున్నాడని అనుమానించాలి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అసలు సిరాయే కాదు, అచ్చు.

ప్రామాణికత సర్టిఫికెట్ ఇస్తున్నారు కదా, అది చాలదా?

సర్టిఫికెట్టు విలువ దాని మీద సంతకం చేసినవారి విలువను మించదు; అది దేని ఆధారంగా ఇచ్చారో అడగాలి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 1938 నుంచి గెలీలియో రాతప్రతిగా గర్వంగా చూపుతూ వచ్చిన ఒక పత్రం 2022లో నకిలీ అని తేలింది. కాగితంలోని నీటిగుర్తు (తయారీలోనే పడి, వెలుతురుకు పట్టి చూస్తే కనిపించే గుర్తు) 1770కి ముందు ఉండే అవకాశం లేదని ఒక చరిత్రకారుడు పట్టుకున్నాడు. గెలీలియో చనిపోయినది 1642లో. ఇంతకంటే ఆశ్చర్యకరమైన సంగతి మరొకటుంది. అప్పట్లో ఒక కార్డినల్ తన దగ్గరున్న గెలీలియో పత్రాలతో పోల్చి అది అసలుదని ధ్రువీకరించారు. ఆ పోలిక పత్రాలు కూడా నికోట్రా అనే అదే నకిలీకారుడి నుంచి వచ్చినవే. దొంగకు దొంగే సాక్షి అయిన ఉదంతం ఇది. అందుకే ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు కంటే, చేతులు మారిన చరిత్ర ముఖ్యం. ఆ ఉత్తరం ఎవరికి వచ్చింది, ఆ కుటుంబం నుంచి ఎవరు కొన్నారు, ఏ ఏడాది ఏ వేలంలో ఏ లాటుగా వచ్చింది అన్నవి రసీదులతో సహా ఉంటే ఎక్కువ ధర పెట్టినా నష్టం లేదు. “ఒక ఐరోపా పెద్దమనిషి సేకరణ నుంచి” అన్న ఒక్క వాక్యమే ఉంటే, అది ఎంత బాగున్నా నేను వదిలేస్తాను.

గాంధీజీ ఉత్తరం ఒకటి అమ్మకానికి వచ్చింది. ప్రత్యేకంగా ఏమైనా చూడాలా?

చూడాలి. ఆయన జీవితంలో రాసిన, రాయించిన ఉత్తరాలకు లెక్క లేదు. చాలావాటిని మహదేవ్ దేశాయ్, ప్యారేలాల్ వంటి కార్యదర్శులు రాయగా ఆయన సంతకం చేశారు. అవి నకిలీవి కావు గాని ఆయన దస్తూరి కూడా కావు. కుడిచేయి అలసినప్పుడు ఎడమచేత్తో రాసే అలవాటు ఆయనకుంది. 1909లో ఓడ ప్రయాణంలో ‘హింద్ స్వరాజ్’ రాసినప్పుడు సుమారు 40 పుటలు అలాగే రాశారు. కాబట్టి దస్తూరి వేరుగా ఉన్నంత మాత్రాన నకిలీ అనలేము, ఒకేలా ఉన్నంత మాత్రాన అసలు అనలేము. ఆయన లేఖలు తేదీలవారీగా సంపుటాల్లో అచ్చయ్యాయి కనుక, అమ్మకానికి వచ్చిన ఉత్తరం వాటిలో ఉందో లేదో ముందు చూడాలి. ఉంటే దాని మూలప్రతి ఎక్కడ ఉన్నట్టు నమోదైందో కూడా చూడాలి. ఏదైనా ప్రభుత్వ సంస్థలో ఉండవలసిన ఉత్తరం మీ ముందుకు వచ్చిందంటే అది సంతోషించవలసిన విషయం కాదు.

అచ్చు పుస్తకాన్ని ఎవరు నకిలీ చేస్తారు?

చేశారు, అదీ ఇంగ్లండులో ఎంతో గౌరవం పొందిన సేకర్త. థామస్ జె. వైజ్ ప్రసిద్ధ కవుల చిన్న పుస్తకాలకు లేని “తొలి ముద్రణలు” పుట్టించి, వెనకటి తేదీలు వేయించి అమ్మాడు. 1934లో ఇద్దరు యువ పుస్తక విక్రేతలు కాగితాన్ని పరీక్ష చేయించి, 1847 అని తేదీ ఉన్న పుస్తకంలో 1870లలో గాని వాడుకలోకి రాని కలపగుజ్జు ఉందని చూపించారు. మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది ఇంత పెద్ద మోసం కాదు. పోయిన ముఖపత్రం స్థానంలో ఫోటో ప్రతి అంటించడం, రెండు చెడిన ప్రతుల నుంచి ఒక మంచి ప్రతి కట్టించడం, రచయిత పేరుతో తరువాత ఎవరో గీసిన సంతకం.

పుస్తకం లోపల గ్రంథాలయం ముద్ర ఉంది. కొనవచ్చా?

ముద్రతో పాటు “తొలగించబడినది” అన్న ముద్ర లేదా రాత ఉంటే కొనవచ్చు. లేకపోతే ఆ గ్రంథాలయానికి రాసి అడగండి. ముద్రను గీకిన, రసాయనంతో కడిగిన ఆనవాలుంటే వేలం సంస్థకు చెప్పి పక్కకు తప్పుకోవాలి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ గ్రంథాలయం నుంచి పాతికేళ్లపాటు అరుదైన పుస్తకాలు, పటాలు మాయమైన సంగతి 2017 తనిఖీలో గాని బయటపడలేదు. వాటిలో కొన్ని అప్పటికే నిజాయితీపరులైన కొనుగోలుదారుల అల్మారాల్లో ఉన్నాయి. మన పల్లె గ్రంథాలయాల నుంచి పోయే పుస్తకాల లెక్క తీసే నాథుడు లేడు గనుక ఈ జాగ్రత్త మనకు మరింత అవసరం.

## వేలం రోజు

లక్ష రూపాయలకు పాట గెలిస్తే నేను కట్టేది లక్షేనా?

కాదు. హ్యామర్ ధర మీద బయ్యర్స్ ప్రీమియం పడుతుంది; అది సంస్థను బట్టి సాధారణంగా 20 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. మన దేశంలో ఆ ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ కూడా ఉంటుంది. ప్రీమియం 20 శాతం అనుకుంటే లక్షకు 20,000, దాని మీద పన్ను 3,600, వెరసి 1,23,600. ఆపైన వస్తువు మీద వేసే పన్ను, ప్యాకింగు, బీమా, రవాణా ఉంటాయి. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే ఆ వేదిక రుసుము అదనం. నా మొదటి విదేశీ కొనుగోలులో రవాణా ఖర్చు పుస్తకం ధరను మించింది. షరతుల పుట చదవకపోవడం నా తప్పే. లోపలి నుంచి వెలుపలికి కాకుండా వెలుపలి నుంచి లోపలికి లెక్క వేయండి: మొత్తం ఎంత భరించగలరో ముందు తేల్చుకుని, ఖర్చులన్నీ తీసేసి, మిగిలినదే పాట హద్దుగా పెట్టుకోండి.

హద్దు పెట్టుకున్నా ఆ వేడిలో దాటిపోతున్నాను. ఏం చేయాలి?

వేలం గదికి వెళ్లకుండా, గరిష్ఠ ధర రాసి ముందుగా పంపే పద్ధతిని వాడండి. అవతలివారి పాట కంటే ఒక మెట్టు పైన మాత్రమే మీ తరఫున పాడతారు కనుక హద్దు మొత్తం పోతుందన్న భయం అక్కరలేదు. గుండ్రటి అంకె రాయకుండా ఒక మెట్టు పైన రాస్తే మేలు, ఎందుకంటే చాలామంది గుండ్రటి అంకె దగ్గరే ఆగుతారు. ఒకటికి రెండుసార్లు అనుకోవలసిన మరో మాట: ఈ లాటు పోతే మళ్లీ దొరకదన్న భయం అచ్చు పుస్తకాల విషయంలో చాలాసార్లు అబద్ధం, ఉత్తరాల విషయంలో చాలాసార్లు నిజం.

అమ్ముడుపోని లాటును తరువాత అడగవచ్చా?

అడగవచ్చు. వేలం ముగిసిన రోజునో మర్నాడో రాస్తే, రిజర్వు ధరకు గాని అంతకు కొంచెం తక్కువకు గాని ఇచ్చే సందర్భాలున్నాయి. ప్రీమియం మాత్రం యథాతథం.

## చట్టం, సరిహద్దులు

పాత రాతప్రతులు ఇంట్లో ఉంచుకోవడం నేరమా?

నేరం కాదు. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం, శాస్త్ర, చారిత్రక, సాహిత్య, సౌందర్య విలువ కలిగి కనీసం 75 ఏళ్ల వయసున్న రాతప్రతులు, పత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి. ఇతర వస్తువులకు ఆ హద్దు 100 ఏళ్లు. సొంతంగా ఉంచుకోవచ్చు, దేశం లోపల అమ్ముకోవచ్చు. అయితే వ్యాపారంగా చేసేవారికి లైసెన్సు ఉండాలి. బొమ్మలతో కూడిన రాతప్రతుల వంటి కొన్ని రకాలను పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర నమోదు చేయించుకోవాలి. నమోదైనది చేతులు మారితే ఆ సంగతి కూడా తెలియజేయాలి.

అమెరికాలో ఉంటున్నాను. మా తాతగారి ఉత్తరాలు, ఇండియాలో వేలంలో కొన్న పుస్తకం సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా?

75 ఏళ్లు దాటిన చారిత్రక విలువగల ఉత్తరాలను, పురావస్తువుగా పరిగణించదగిన 100 ఏళ్ల వస్తువులను వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. ఆ హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు మాత్రమే ఉంది. ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. తాతగారు నాన్నగారికి రాసిన యోగక్షేమాల ఉత్తరం ఈ నిర్వచనంలోకి వస్తుందా అన్న అనుమానం ఉంటే, పురావస్తు శాఖ నిపుణుల సంఘానికి చూపించి, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకుని ప్రయాణించాలి. విమానాశ్రయంలో వాదించి నెగ్గినవారిని నేను చూడలేదు. విదేశాల్లోని తెలుగువారికి నా సలహా, విదేశీ వేలాల్లోనే కొనడం. మద్రాసులో అచ్చయి ఎన్నడో ఇంగ్లండు చేరిన తెలుగు పుస్తకాలు అక్కడ అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి.

లండన్‌లో కొన్నదాన్ని ఇండియాకు తెప్పించుకోవాలంటే?

ముందు అక్కడి నుంచి బయటికి రావాలి. బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటిన రాతప్రతులకు ఎగుమతి లైసెన్సు అవసరం. దాన్ని తీసుకునే బాధ్యత ఎవరిదో, ఆలస్యమైతే డబ్బు ఎప్పుడు కట్టాలో వేలానికి ముందే అడగండి. ఇక్కడ కస్టమ్స్‌లో అచ్చు పుస్తకానికి, రాతప్రతికి, నూరేళ్లు దాటిన వస్తువుకు వేరువేరు శీర్షికలుంటాయి. ఇన్‌వాయిసులో “పాత కాగితాలు” అని రాయించి సుంకం తగ్గించుకోమని సలహా ఇచ్చేవారి మాట వినకండి. నష్టం జరిగితే బీమా కూడా ఆ రాతనే చూపిస్తుంది. దిగుమతి పత్రాలను ఆ వస్తువు ఉన్నంతకాలం భద్రపరచాలి, ఎందుకంటే అది బయటి నుంచి వచ్చిందనడానికి అవే సాక్ష్యం.

జాతీయ నాయకుల ఉత్తరాల వేలాన్ని ప్రభుత్వం ఆపగలదా?

విదేశాల్లో చట్టప్రకారం ఆపలేకపోయినా బేరమాడి కొనగలదు. 2007లో లండన్ వేలానికి వచ్చిన గాంధీజీ రాతప్రతిని, 2012లో ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ సేకరణను వేలానికి ముందే ఉపసంహరింపజేసి భారత ప్రభుత్వం తీసుకుంది. రెండోదానికి సుమారు 7 లక్షల పౌండ్లు అయింది. దేశం లోపలైతే పురావస్తువును పరిహారం చెల్లించి స్వాధీనం చేసుకునే అధికారం చట్టంలోనే ఉంది.

కొన్న ఉత్తరాన్ని పుస్తకంగా అచ్చు వేసుకోవచ్చా?

కాగితం మీ సొంతమైంది, మాటలు మీ సొంతం కాలేదు. ఉత్తరంలోని రచన మీద హక్కు రాసినవారిది, వారి తరువాత వారసులది. మన దేశంలో ఆ హక్కు రచయిత మరణించిన తరువాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఆయన బతికుండగా వెలువడని రచనైతే, అది మొదటిసారి ప్రచురితమైన తరువాతి ఏడాది నుంచి ఆ 60 ఏళ్లు లెక్కిస్తారు. కనుక వారసుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం క్షేమం.

## ఇంటికి తెచ్చాక

మాది సముద్రతీరపు ఊరు. చెమ్మ, చెదలు, పురుగు. ఎలా కాపాడాలి?

కాగితానికి వేడికంటే తేమలోని హెచ్చుతగ్గులే ఎక్కువ కీడు చేస్తాయి. గాలిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉంటే మేలు. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గది కంటే ఎప్పుడూ ఒకేలా ఉండే మామూలు గది నయం. అల్మారాను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలాలి; అడుగు అర నేలకు ఆనకూడదు. ఉత్తరాలను ఆమ్లం లేని కాగితపు కవర్లలో గాని పాలియెస్టరు కవర్లలో గాని పరచి ఉంచాలి. బజారులో దొరికే పీవీసీ ఫోల్డర్లు కొన్నేళ్లకు సిరాను పీల్చుకుంటాయి. వేపాకు పెట్టడం మంచి అలవాటే గాని, పచ్చి ఆకు పెడితే దానితో పాటు తేమ కూడా పెట్టినట్టే. అన్నిటికంటే గట్టి రక్ష నెలకోసారి ప్రతి పుస్తకాన్ని తీసి తిరగేయడం.

చిరిగిన ఉత్తరాన్ని లామినేట్ చేయిస్తే సరిపోదా?

సరిపోదు, అది ఉత్తరాన్ని చంపడమే. వేడి, జిగురు కలిసి కాగితాన్ని తిరిగి విడదీయలేని స్థితికి తెస్తాయి. ధర కూడా అక్కడితో పోతుంది. సెల్లోటేపు పసుపు మచ్చ వదులుతుంది. మడతల మీద చిరుగుతుంటే మడత విప్పి పరచండి, అంతే. పాత ఇనుము సిరా కాగితాన్ని తినేస్తున్నట్టు గోధుమరంగు అంచులు కనిపిస్తే వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ వంటి సంస్థల సంరక్షణ నిపుణులకు చూపించాలి. వారు చేసే మరమ్మతుకు మొదటి నియమం, చేసినదాన్ని మళ్లీ విప్పగలగడం.

అటక మీద తాటాకు పుస్తకాల కట్ట దొరికింది. వేలానికి పంపమంటారా?

ముందు అందులో ఏముందో చదివించండి. గంటంతో గీసిన రాత మసి పట్టించకపోతే కనిపించకపోవచ్చు; కనిపించడం లేదని నీళ్లతో తుడవకూడదు, తాడు లాగి విడదీయకూడదు. ఆకులు ఎండి పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె రాయడం పాత పద్ధతి, అది కూడా తెలిసినవారి చేతుల మీదుగానే. ఎక్కువ కట్టల్లో ఉండేవి పురాణ భాగాలు, జ్యోతిషం, వైద్యం, ఇంటి లెక్కలు. మార్కెట్లో వీటి ధర మీరు ఊహించినదానికంటే చాలా తక్కువ, ఒక పరిశోధకుడికి వీటి ఉపయోగం మీరు ఊహించినదానికంటే చాలా ఎక్కువ. హైదరాబాదు, తిరుపతి, చెన్నైలలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయాల పండితులకు చూపిస్తే లేఖరి పేరు, తేదీ ఉన్న చివరి ఆకును వారే చదివి చెబుతారు.

నా తరువాత వీటిని ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏమైనా ఏర్పాటు ఉందా?

ప్రతి వస్తువుకూ ఒక చీటీ రాయండి: ఎక్కడ, ఏ తేదీన, ఏ లాటుగా, ఎంతకు కొన్నారో, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, రసీదు ఏ ఫైలులో ఉందో. పుస్తకం మీద మాత్రం ఏమీ రాయకండి. తప్పనిసరైతే మెత్తటి పెన్సిలుతో వెనక అట్ట లోపల. అమ్మదలచుకుంటే వేలం సంస్థ అమ్మేవారి నుంచి కూడా కమిషను తీసుకుంటుంది, ఫోటోలకు, బీమాకు విడిగా వసూలు చేయవచ్చు. ఆ శాతం బేరమాడదగినదే. ఇవ్వదలచుకుంటే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటివి పాత తెలుగు పుస్తకాలకు తెలిసిన చిరునామాలు. ఏ సంస్థకు ఇచ్చినా ముందుగా జాబితా పంపి, ఏవి తీసుకుంటారో, సేకరణను విడదీయకుండా ఒకచోట ఉంచుతారో లేదో రాతపూర్వకంగా తెలుసుకుని, ఆ కాగితాన్ని కూడా అదే ఫైలులో పెట్టి, ఫైలు ఎక్కడ ఉందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.